ఎత్తు పెంచిన జీపు, పక్క సీట్లో నేను

నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు కింద ముప్పై రెండేళ్లు పనిచేశాను. పనిచేశాను అనే కంటే బండ్ల ముందు చక్రాల మధ్య వెల్లకిలా పడుకుని బతికాను అంటే సరిగ్గా ఉంటుంది. ఇంజిన్ పని నాకు రాదు. కరెంటు పని అసలే రాదు. ముందు ఇరుసు, స్టీరింగు, చక్రాల వాలు, నా చదువంతా అంతే. పోయినేడు మోకాళ్లు మొరాయించాయి, పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇంటికొచ్చి సలహాలు అడుగుతుంటారు. నోటితో చెప్పిందే చెప్పి విసుగొచ్చి, రాసిపెడదామని కూర్చున్నాను.

ఏ బోల్టు ఎంత బిగించాలన్నది ఇందులో ఉండదు. అది మీ ఫోన్లో దొరుకుతుంది. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం ఏ ఫోన్లోనూ దొరకదు. ఆ తప్పు వల్ల ఒక పెద్దమనిషి తన కుడిచేతిని తానే నమ్మడం మానేశాడు. నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా అదే.

ఎత్తు మీద ప్రేమ

జీపు ఎత్తు పెంచుకునేవాళ్లను చూసి మా లైన్లో చాలామంది నవ్వుతారు. నేనూ నవ్వాను, కానీ వాళ్లంటే నాకు ఇష్టం. వారమంతా ఆఫీసులో తలవంచుకుని పనిచేసి, ఆదివారం పొద్దున్నే బురద వెతుక్కుంటూ పోయే మనుషులు వాళ్లు. మధ్యాహ్నానికి మొహమంతా మట్టి కొట్టుకుని, ఒక అద్దం పగలగొట్టుకుని, పెళ్లికెళ్లొచ్చినంత సంతోషంగా మా షెడ్డుకు వస్తారు. అంత సంతోషంగా దెబ్బలు చూపించే గిరాకీ ఇంకెక్కడా ఉండదు.

నా కోపమంతా వాళ్లకు ఎత్తు అమ్మేవాళ్ల మీద. బండి బరువు మోసే స్ప్రింగుల్ని, అంటే కమాన్ కట్టల్ని, తగిలించే చోట పొడవాటి పట్టీలు వేస్తారు, పెద్ద టైర్లు తొడుగుతారు, ఫోటో తీసి పంపించేస్తారు. స్టీరింగు ఏమైందని ఒక్కడూ వంగి చూడడు.

ఏమవుతుందో తేలికగా చెబుతాను. సైకిలు హ్యాండిల్ వదిలేసి తొక్కినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు ఉంది కాబట్టే చేతులు వదిలినా చక్రం తనంతట తాను సూటిగా నిలబడుతుంది. జీపు ముందు చక్రం తిరిగే కింగ్ పిన్నుకూ అలాంటి వాలే ఉంటుంది. దాన్ని మేం క్యాస్టర్ అంటాం. ముందు పట్టీలు పొడవు చేసి జీపును ఎత్తితే ఇరుసు కాస్త ముందుకు దొర్లుతుంది, ఆ వాలు పోతుంది. ఇక బండికి సూటిగా పోవాలన్న ఆలోచన ఉండదు. రోడ్డు ఎటు వాలితే అటు పోతుంది. దానితోపాటు స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు ఏటవాలుగా తయారవుతుంది. గుంతలో పడ్డప్పుడల్లా మనం తిప్పకుండానే స్టీరింగు తిరుగుతుంది.

వణుకు కూడా రావొచ్చు. అప్పుడు కొందరు డాంపర్ తగిలిస్తారు. డాంపర్ అంటే స్టీరింగు వణుకును అదిమిపెట్టే చిన్న షాకబ్జర్. జ్వరం తగ్గడానికి నుదుటి మీద తడిగుడ్డ వేసినంత వైద్యం అది. వేయొద్దని అనను. అసలు జబ్బు కనిపెట్టాక వేయండి.

ఖాజా భాయ్ పద్ధతి

మా షెడ్డు యజమాని ఖాజా భాయ్. నాకు ఉస్తాద్. అంబర్‌పేట నుంచి రోజూ ఒక పాత స్కూటరు మీద వచ్చేవాడు. అరవడం ఆయనకు రాదు. కోపమొస్తే పాన్ నమలడం ఆపేసేవాడు. ఆ దవడ ఆగిందంటే మాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. స్టీరింగు పని ఏది చేసినా మెకానిక్కు ముందు తాను నడిపి చూసుకోవాలి, అది అందరూ చేసేదే. కానీ అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత బండి ఓనరు నడపాలి, మెకానిక్కు పక్క సీట్లో కూర్చోవాలి. కూర్చుని రోడ్డు చూడకూడదు, ఓనరు చేతులు చూడాలి. ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా పోయి వచ్చేవరకూ నోరు మెదపకూడదు.

"నీ చేతులు పెద్ద దొంగలు సత్తీ," అనేవాడు నన్ను. "బండి తప్పు జేస్తే గప్‌చుప్‌గ అవ్వే సర్దేస్తయి. నీకు గూడ జెప్పయి. ఓనర్ చేతులకు గా దొంగతనం రాదు."

ఆ మాటలోని నిజం మొదట నాకు ఒక రియల్ ఎస్టేటు ఆయన దగ్గర తెలిసింది. పీర్జాదిగూడ ఆయన. ప్లాట్లు చూపించడానికి జీపు ఎత్తు పెంచుకున్నాడు. ఎత్తాక స్టీరింగు చక్రం పావువంతు వంకరగా నిలబడింది. రెండు నెలలు అలాగే నడిపాడు. భార్య పోరు పడలేక మా దగ్గరికి తెచ్చాడు. నేను సరిచేసి, ఆయన్ను నడపమని పక్కన కూర్చున్నాను. నాచారం చౌరస్తా దాటకముందే బ్రేకు వేశాడు.

"ఏందన్నా ఇది, సీదా ఉన్న స్టీరింగుని వంకర జేసినవ్?" అని గొడవకు దిగాడు.

చక్రం మధ్యలో పసుపు టేపు అంటించి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. షెడ్డులో అందరం పడీపడీ నవ్వాం. అప్పుడు నాకు అర్థమైంది ఓనర్ల చేతులు ఎలా అలవాటు పడతాయన్నది మాత్రమే. నా చేతుల సంగతి నాకు ఇంకా తెలియలేదు.

ప్రసాదరావు గారి జీపు

ప్రసాదరావు గారు ప్రభుత్వ ప్రయోగశాలలో పరికరాల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి, నాచారంలో స్థిరపడ్డారు. జీవితమంతా మీటర్ల ముళ్లు చూసిన మనిషి కదా, మాట కూడా కొలిచినట్టు ఉండేది. రిటైరైన ఏడాదే సెకండ్ హ్యాండులో ఒక పాత జీపు కొన్నారు. ముందు ఓనరే దాని ఎత్తు పెంచాడు. గుంతల్లో స్టీరింగు దానంతటది తిరుగుతోందని, దాని చక్రం వంకరగా నిలబడుతోందని నా దగ్గరకు తెచ్చారు.

ఆయన కుడి మణికట్టు మీద పొడవాటి కుట్ల గుర్తు ఉంది. నేను చూశాను. అడగలేదు. ఇది నా మొదటి తప్పు.

మూడు రోజులు పని చేశాను. అరిగిన జాయింట్లు మార్చాను. బాక్సు కింద వేలాడే ఆర్మ్ తీసి, కిందికి వంగిన ఆర్మ్ వేశాను. ఏటవాలుగా ఉన్న రాడ్డు చదునుగా వచ్చింది. చక్రం మధ్యకు వచ్చింది. గుంతల్లో పరీక్షించాను, కుదుపు లేదు. ఉప్పల్ దాకా నడిపాను. చక్కగా పోయింది. ఆయన ఏవి చెప్పారో అవి రెండూ పోయాయి కాబట్టి క్యాస్టర్ కొలవలేదు. ఇది రెండోది.

సాయంత్రం ఆయన వచ్చారు. ఆ రోజు ఖాజా భాయ్ చుట్టాల పెళ్లికి పోయాడు.

"ఒకసారి మీరు నడుపుండ్రి సార్, నేను పక్కన కూసుంట," అన్నాను.

"మీరు నడిపి చూశారుగా సత్తయ్యా? మీరు బాగుందంటే ఇంక నేను చూసేదేముంది?" అన్నారాయన.

అంత చదువుకున్న మనిషి ఆ మాట అంటే నాకు ఎంత బాగుందో చెప్పలేను. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తాళం చెవి చేతిలో పెట్టి, "సీదా పోతది సార్, ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాను. మూడో తప్పు అది. మిగతా రెండూ పనిలో తప్పులు, ఇది మాత్రం పొగరు.

శారద గారు అడిగింది

తర్వాత ఎనిమిది నెలలు ఆ జీపు ఊసే లేదు. బండి తిరిగి రాలేదంటే పని బాగున్నట్టేనని మా లైన్లో ఒక పిచ్చి నమ్మకం. నేనూ అలాగే అనుకున్నాను.

ఒకరోజు ప్రసాదరావు గారి భార్య శారద గారు ఆటోలో షెడ్డుకు వచ్చారు. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నారు.

"సత్తయ్య గారూ, మా జీపు కొనేవాళ్లు ఎవరైనా ఉంటే చూస్తారా?" అన్నారు.

"ఏమైంది మేడం, సార్‌కి నచ్చలేదా?"

"నచ్చకేం. ప్రాణం దానిమీదే. ఆయన చెయ్యే ఇంక పనికిరాదండీ." ఆవిడ చేతిసంచీ పక్కన పెట్టి చెప్పారు. "స్కూటర్ మీంచి పడి మణికట్టు విరిగింది కదా. ప్లేటు వేశారు. చెయ్యి బాగైందని డాక్టరు చెప్పాకే ఈ జీపు కొన్నారు, మళ్లీ నేను నడపగలనని అందరికీ చూపించాలని. మీరు రిపేరు చేసిచ్చిన వారంలోనే, పీర్జాదిగూడ దగ్గర గేరు మారుస్తుంటే బండి డివైడర్ మీదకి పోయింది. పక్కన ఆటో. వెంట్రుకవాసిలో తప్పింది. ఇంటికొచ్చి తాళాలు నా చేతిలో పెట్టారు, అంతే. ఇప్పుడు కాఫీ గ్లాసు కూడా ఎడంచేత్తోనే. సంతకం తప్ప కుడిచేత్తో ఏ పనీ చేయరు. వ్యాయామానికి వెళ్లమంటే, చచ్చిన చేతికి వ్యాయామమెందుకంటారు."

గేరు మారుస్తుంటే అన్న మాట దగ్గరే నాకు విషయం అర్థమైంది. జీపులో గేరు ఎడమచేత్తో వేస్తాం. ఆ రెండు క్షణాలు స్టీరింగు మీద ఉండేది కుడిచెయ్యి ఒక్కటే. ఆ చేతిలో పట్టు తక్కువ. బండికి సూటిగా పోయే గుణం లేకపోతే సరిగ్గా ఆ రెండు క్షణాల్లోనే పక్కకు పోతుంది.

ఖాజా భాయ్ అవతల నిలబడి అంతా విన్నాడు. దవడ ఆగింది.

"పక్క సీట్ల కూసున్నవా?" అన్నాడు.

"లేదు ఉస్తాద్. సార్ అవసరం లేదన్నడు."

"సార్ అన్నడు. మెకానిక్ నువ్వా, సారా?"

ఆయన శారద గారి వైపు తిరిగి, "అమ్మా, బండి అమ్మకుండ్రి. ఇయ్యాల మావాడు మీ ఇంటికొస్తడు," అన్నాడు. తర్వాత నాతో మెల్లగా, "బండి సంగతి బాద్ మే సూద్దాం. పహలే పోయి గా మనిషికి చెప్పు. ఎవరి తప్పో చెప్పు," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు షెడ్డు నుంచి వాళ్లింటి దాకా నడిచిన దూరం నాకు ఇప్పటికీ గుర్తుంది. మొహం చెల్లక రెండుసార్లు వెనక్కి తిరిగాను.

రోడ్డు కాదు, చెయ్యి చూడండి

జీపు అపార్ట్‌మెంటు కింద కవరు కప్పుకుని ఉంది. పైకి వెళ్లకుండా ముందు దాని కిందికే దూరాను. ఖాజా భాయ్ దగ్గర నేర్చిన కొలత ఒకటుంది: దారానికి నట్టు కట్టి వేలాడదీసి, స్కూలు పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమాని ఆనించడం. నాలుగైదు డిగ్రీలు వెనక్కి వాలి ఉండాల్సిన పిన్ను దాదాపు నిటారుగా ఉంది. పెద్ద పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు నేను అప్పుడు పెట్టలేదు.

పైకి వెళ్లి ప్రసాదరావు గారితో చెప్పాను. "సార్, మీ చెయ్యిల ఏ దోషం లేదు. నేను జేసిన పనిల ఉంది. నేను కొలవాల్సింది కొలవలే. మాఫ్ జేయుండ్రి."

ఆయన చదువుతున్న పేపరు మడిచారు. "మా ఆవిడ పంపించిందా?" అన్నారు.

"లేదు సార్, నిజం జెప్తున్న."

"మీరు నడిపితే సూటిగానే పోయిందిగా సత్తయ్యా. అదే బండి, అదే రోడ్డు. మారింది చెయ్యి ఒక్కటే. నలభై ఏళ్లు కొలతల పని చేసినవాణ్ణి, ఈమాత్రం తెలీదా? నన్ను ఓదార్చడానికి మీరు శ్రమపడక్కర్లేదు."

నేను నడిపితే సూటిగానే పోయింది, అది నిజమే. చేతులు దొంగలన్న ఖాజా భాయ్ మాట అప్పుడు తట్టింది.

"సార్, ఒక్కసారి కిందికి రాండ్రి. మీరు నడపకుండ్రి. నేనే నడుపుత, మీరు పక్కన కూసోండ్రి."

శారద గారు చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టారు. ఆ చెప్పుల మర్యాదకైనా లేచారు.

బ్యాటరీ పడిపోయి ఉంటే పక్కింటి కారు నుంచి తీగలు కలిపి స్టార్ట్ చేశాను. పారిశ్రామికవాడలో కొంత దూరం లారీలు లేని తిన్నని రోడ్డు ఉంది. అక్కడికి తీసుకెళ్లాను.

"రోడ్డు సూడొద్దు సార్. నా కుడిచెయ్యి సూడుండ్రి," అన్నాను.

రెండో గేరు నుంచి మూడో గేరుకు మార్చాను. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. కాసేపటికి ముందుకు వంగారు. అలవాటైన మనిషి కదా, మీటరు ముల్లును చూసినట్టే చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నారు.

"ఆగట్లేదే," అన్నారు.

"ఏంది సార్?"

"మీ చెయ్యి. ఒక్క క్షణం ఊరుకోవట్లేదు. ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి. గేరు మార్చినప్పుడు మరీనూ. మీకు తెలుస్తోందా?"

నాకు తెలియడం లేదు. ఒట్టేసి చెబుతున్నాను, నా చెయ్యి కదలడం లేదనే అనుకుంటున్నాను. కిందికి చూసుకున్నాను. అరచేయి చక్రం మీద దువ్వుతున్నట్టు అటూ ఇటూ ఆడుతోంది. అన్నేళ్లలో నా చేతిని నేను చూసుకోవడం అదే మొదటిసారి. సిగ్గేసింది.

"ఇదీ సార్ సంగతి," అన్నాను. "బండి వంకరగనే పోతుంది. నా చెయ్యి మోసం జేస్తుంది. మీ చెయ్యి మోసం జేయలే, ఉన్నది ఉన్నట్టు జెప్పింది."

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఇల్లు వచ్చేవరకూ అలాగే ఉన్నారు. దిగేటప్పుడు, "ఎన్ని రోజులు పడుతుంది?" అని మాత్రం అడిగారు.

పని, మళ్లీ

ఖాజా భాయ్, నేను కలిసి చేశాం. ముందు ఆ పొడవు పట్టీలు పీకేసి పొట్టివి వేశాం. ఎత్తు కొంచెం తగ్గింది. కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య పెట్టడానికి, ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా ఉండే ఇనుప ముక్కలు రెండు లేత్ షాపులో చేయించాం. అవి ఇరుసును వెనక్కి వాల్చాయి. వాలు మళ్లీ కొలిచాం. మూడుసార్లు కొలిచాం, ఒకసారి ఆయన కొలిచాడు, ఒకసారి నేను, మూడోసారి ప్రసాదరావు గారే వచ్చి కొలిచారు. మా దారం చూసి, "దీనికన్నా మంచి పరికరం మా ల్యాబులో లేదు," అన్నారు. చాలా నెలల తర్వాత ఆయన నవ్వడం అప్పుడేనని శారద గారు తర్వాత చెప్పారు.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ ఒక మాట. బండి ఎవరు నడుపుతారో అడగండి. ఏ చెయ్యి, ఏ భుజం, కంటి చూపు ఎలా ఉంది, మెడ తిరుగుతుందా, అన్నీ అడగండి. మొహమాటపడొద్దు. డాక్టరు అడిగితే చెప్పేవాళ్లు మనకూ చెబుతారు. స్టీరింగు పని సగం ఇనుముతో, సగం మనిషితో. నేను ఆ సగం వదిలేశాను.

నారపల్లి దాకా

మర్నాడు పొద్దున్న ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. నేను పక్క సీట్లో. షెడ్డు గేటు దగ్గర ఖాజా భాయ్ పాన్ నములుతూ నిలబడ్డాడు.

ఉప్పల్ దాకా ఆయన రెండో గేరు దాటలేదు. వెనకాల బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది. నేను నోరు మెదపలేదు. వరంగల్ రోడ్డు ఎక్కాక, పీర్జాదిగూడ వచ్చింది. ఆ డివైడర్ దగ్గర ఆయన మెడ బిగుసుకుంది. ఎడంచెయ్యి గేరు మీదకి వెళ్లి, మళ్లీ చక్రం మీదకే వచ్చింది. ఇంకోసారి వెళ్లింది, వచ్చింది. నేను వేసిన ఇనుప ముక్కల మీద నాకు నమ్మకముంది, కానీ ఆ మనిషి గేరు వెయ్యకపోతే వాటితో పనేముంది?

మూడోసారి వేశారు. కుడిచెయ్యి ఒక్కటే చక్రం మీద ఉంది. ఆ కుట్ల గుర్తు ఎండలో మెరుస్తోంది. చెయ్యి కొంచెం వణికింది. బండి వణకలేదు. సూటిగా పోయింది.

తర్వాత నాలుగో గేరు. మళ్లీ మూడు. అవసరం లేకపోయినా నాలుగు. పిల్లాడికి కొత్త సైకిలు దొరికినట్టు గేర్లు మారుస్తూనే ఉన్నారు. నారపల్లి దాటాక, ప్లాట్ల రాళ్లు పాతిన ఒక పొలం పక్కన బండి ఆపి ఇంజిన్ కట్టేశారు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎడంచేత్తో మెల్లగా నిమురుతూ కూర్చున్నారు.

"ఎనిమిది నెలలు దీన్ని తిట్టానయ్యా సత్తయ్యా," అన్నారు. "నా చెయ్యే కదా, ఏమీ అనదు కదా అని నోటికొచ్చినట్టల్లా తిట్టాను."

"దాన్నెందుకు సార్, నన్ను తిట్టుండ్రి," అన్నాను.

"తిడతాలే," అన్నారాయన, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటూ. "ముందు ఘట్‌కేసర్ దాకా పోయొద్దాం."

కుడిచేత్తోనే తాళం తిప్పారు.